పన్నెండు వోల్టుల పిన్ని

మా కింది వాటాలో ఉండే పిన్నికి కోపం వస్తే ముందు చెవులు ఎర్రబడతాయి. ఆ తరువాత మాట తగ్గుతుంది. ఆమె అరిచే రకం కాదు. అరిచేవాళ్ళు కాసేపటికి అలిసిపోతారు, ఎదుటివాళ్ళు ఊపిరి పీల్చుకుంటారు. పిన్నిది నివురు కప్పిన నిప్పు. ఆ సంగతి తెలియకనే షాపువాళ్ళు ఆమెతో పెట్టుకున్నారు.

ఆ షాపు ఊరి చివర పెద్ద రోడ్డు మీద ఉంది. తలుపు గడియల నుంచి స్నానాల గది కుళాయిల దాకా ఇంటికి కావలసినవన్నీ అక్కడ దొరుకుతాయి. వెనక వైపు తోట సామాన్ల విభాగం. అక్కడ పిన్నికి ఒక బల్ల ఉండేది. దాని మీద ఇసుక నింపిన రేకు తొట్టె, చిన్న ట్రాన్స్‌ఫార్మర్ డబ్బా, చుట్ట చుట్టిన నల్ల కేబుల్, కింద మేకులాంటి మొన ఉన్న తోట దీపాలు కొన్ని. వచ్చినవాళ్ళకు వాటిని బిగించి చూపించడమే ఆమె పని. దీపం మొనను ఇసుకలో గుచ్చేది. కేబుల్ మీద ప్లాస్టిక్ క్లిప్పు పెట్టి వేళ్ళతో నొక్కేది. టక్కుమని చప్పుడు, వెంటనే వెలుగు. వైరు ఒలవడం లేదు, టేపు చుట్టడం లేదు.

"షాక్ కొట్టదా అమ్మా?" అని అడగనివాళ్ళు తక్కువ.

"గోడలో ఉన్న కరెంటు కొడుతుంది బాబూ. ఈ డబ్బా దాన్ని పన్నెండు వోల్టులకి దించేసింది. ఇదిగో, పట్టుకున్నాను చూడండి" అని కేబుల్ కొన మీద వేలు పెట్టి చూపించేది.

"దీపాలవి పన్నెండు వోల్టులే. పిన్ని వోల్టులు మాత్రం ఇంకా ఎవరూ కొలవలేదు" అని పక్కన పెయింట్ల కౌంటరాయన కొనేవాళ్ళను హెచ్చరించేవాడు.

అబద్ధం చెప్పి అమ్మడం ఆమెకు చేతకాదు. ఐదు దీపాలకు సరిపోయే డబ్బాకు ఎనిమిది తగిలిస్తే చివరివి నీరసంగా మినుక్కుమంటాయని మొహం మీదే చెప్పేది. ఒకావిడ బుట్ట నిండా దీపాలు వేసుకుంటే, "బాల్కనీలో రెండు కుండీలున్నాయన్నారు కదమ్మా, వాటికేమైనా పెళ్ళి చేస్తున్నారా?" అని సగం వెనక్కి పెట్టించింది. ఆవిడ నవ్వుకుంటూ వెళ్ళి, మరుసటి వారం తన అక్కను, వదినను వెంటబెట్టుకుని వచ్చింది.

అంతకు ముందు చాలా ఏళ్ళు పిన్ని ఇళ్ళ తోటల్లో పనిచేసింది. కలుపు తీయడం, కొమ్మలు కత్తిరించడం, పచ్చిక కోయడం. ఒక ఇంటి యజమాని ఈ దీపాలు కొని, పెట్టె విప్పకుండానే షెడ్డులో పడేశాడు. పిన్ని విప్పింది. లోపలున్న కాగితం చదివింది, దీపాలు బిగించింది. ఒక క్లిప్పు పగిలి ఉంటే మార్చుకోవడానికి షాపుకు వెళ్ళి, అక్కడ వరసలో నిలబడ్డవాళ్ళ సందేహాలన్నీ తీర్చేసింది. అప్పటి మేనేజరు అది చూసి, "ఈ పనికే మాకు మనిషి కావాలి, వస్తారా?" అని అడిగాడు. అప్పటికే మోకాళ్ళు వంగనని మొరాయిస్తున్నాయి. సరేనంది.

ఆ మేనేజరు బదిలీ అయ్యాక కొత్తాయన వచ్చాడు. మర్యాదస్తుడే. అందరిలాగే "పిన్నీ" అని పిలిచేవాడు. ఒక రోజు ఫోను పట్టుకుని వచ్చి, "పిన్నీ, ఒక్క ఫొటో. మన వెబ్‌సైటులో పెడతాం" అన్నాడు. పిన్ని జుట్టు సర్దుకుని, చేతిలో దీపం పట్టుకుని నిలబడింది.

తరువాత కొన్నాళ్ళకు ఆమె వెనక, తలకు పైన, ఒక పెద్ద బోర్డు వేలాడదీశారు. అది కొనేవాళ్ళకు కనబడుతుంది గాని వెనక తలుపు నుంచి వచ్చి బల్ల వెనక నిలబడే మనిషికి కనబడదు. ఏదో తగ్గింపు ధరల బోర్డనుకుంది. కానీ జనం తీరు మారింది. ఒక పెద్దమనిషి పెట్టె మీది అక్షరాలను ఆమెకు నెమ్మదిగా విడదీసి చదివి వినిపించాడు. ఒకమ్మాయి ఆమె భుజం తట్టి, "ఈ వయసులో ఎంత బాగా నేర్చుకున్నారండీ, పాపం!" అంది. ఆ పాపం ఎందుకో పిన్నికి అర్థం కాలేదు.

చివరికి ఒక దీపం దొర్లి కిందపడితే, తీయడానికి బల్ల ఇవతలికి వచ్చింది. లేస్తూ తలెత్తి చూసింది. బోర్డు మీద ఆమె ముఖమే నవ్వుతూ ఉంది. దాని పక్కన అరచేయంత అక్షరాలు:

"చదువు రాని మా పిన్ని కూడా పది నిమిషాల్లో బిగించేసింది! ఇంక మీకేం కష్టం?"

ఇక్కడ పిన్ని చదువు గురించి చెప్పాలి. ఏడో తరగతిలో ఉండగా వాళ్ళ నాన్న బడి మాన్పించాడు. తమ్ముళ్ళను చూసుకోవడానికి ఇంట్లో మనిషి కావాలన్నాడు. తరువాత పెళ్ళయింది, కూతురు పుట్టింది. కూతురు ఎనిమిదిలోకి వచ్చాక ఆ పిల్ల పక్కనే కూర్చుని, వంటగది గట్టు మీద పుస్తకాలు పెట్టుకుని, పిన్ని ప్రైవేటుగా పదో తరగతికి చదివింది. పగలంతా తోటల్లో పని, సాయంత్రం లెక్కలు. పరీక్ష రోజున గేటు దగ్గర మాస్టారు, "తల్లిదండ్రులు బయటే ఉండాలమ్మా" అని ఆపేశాడు. "నేనే రాయాలి బాబూ" అని హాల్ టికెట్ చూపించింది. లెక్కల్లో తప్పింది. మళ్ళీ కట్టి పాసయింది. ఆ రోజు మాకందరికీ ఇంటింటికీ తిరిగి చెప్పింది. పేపరు మొదటి అక్షరం నుంచి చివరి ప్రకటన దాకా చదివి గాని టీ తాగని మనిషి. అలాంటి మనిషి తల మీద ఆ బోర్డు!

పిన్ని నేరుగా మేనేజరు గదిలోకి వెళ్ళింది.

"నాకు చదువు రాదని మీకెవరు చెప్పారు?"

ఆయన కంగారుపడ్డాడు. "అబ్బే, అది మార్కెటింగ్ పిన్నీ. పెద్దాఫీసువాళ్ళు రాశారు. మిమ్మల్ని పొగిడినట్టే కదా!"

"నన్ను అడిగారా?"

"అంటే... మీరు తోటపని చేసేవారని చెప్పాను. వాళ్ళు అలా అనుకుని ఉంటారు."

"తోటపని చేస్తే చదువు రానట్టేనా?"

"అమ్మకాలు పెరిగాయి పిన్నీ, చూశారా?" అన్నాడు. పొగడ్తట! చెంప మీద కొట్టి, బుగ్గ ఎర్రగా ఎంత ముద్దొస్తోందో అన్నట్టు!

పిన్ని బయటికి వచ్చి, ఇసుక తొట్టెతో సహా బల్లను ఈడ్చుకుంటూ పోయి కుళాయిల విభాగంలో పెట్టుకుంది. సాయంత్రానికి బల్లను మళ్ళీ బోర్డు కిందికి చేర్చారు.

ఆ రోజు ఇంట్లో బాబాయి, అంటే వాళ్ళాయన, సంగతి విని నవ్వాడు. ఆయన బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. దేనికైనా ముందు నవ్వడం అలవాటు. "పోనీలేవే, రేపట్నుంచి పేపరు నేనే చదువుతా. నువ్వు విను" అన్నాడు. పిన్ని తలెత్తి చూసింది. చెవులు ఎర్రగా ఉన్నాయి. ఆయన నవ్వు సగంలో మింగేశాడు.

కూతురికి ఫోను చేస్తే అది ఇంకో దెబ్బ. ఆ అమ్మాయి వేరే ఊళ్ళో కాలేజీలో పాఠాలు చెబుతుంది.

"అమ్మా, ఎవరు పట్టించుకుంటారు చెప్పు? జనం దీపాలు చూస్తారు, బోర్డు చదవరు. వదిలెయ్. ఉన్న ఉద్యోగం పోగొట్టుకోకు."

"వంటగట్టు మీద నీ పక్కన కూర్చుని చదివిందెవరే?"

"నువ్వేనమ్మా. దానికీ దీనికీ ఏంటి సంబంధం?"

పిన్ని ఫోను పెట్టేసింది. షాపువాళ్ళ మీద వచ్చిన కోపం కంటే ఆ మాటకు వచ్చిన బాధ పెద్దదని బాబాయి తరువాత నాతో అన్నాడు.

మరుసటి రోజు నుంచి పిన్ని కొత్త పద్ధతి మొదలుపెట్టింది. కొనేవాళ్ళు రాగానే, "పైన బోర్డు చదివారా? అది అబద్ధం. నేను పదో తరగతి పాసయ్యాను. ఇప్పుడు ఈ క్లిప్పు చూడండి" అని మొదలుపెట్టేది. కొందరు నవ్వేవాళ్ళు. ఒకాయన అనుమానంగా, "మరి పది నిమిషాలన్నదో?" అని అడిగాడు.

"అదీ అబద్ధమే. దీపాలు గుచ్చడానికి అరగంట. కేబుల్ ఎలుకలు కొరక్కుండా, పార తగలకుండా పూడ్చడానికి ఇంకో గంట. మధ్యలో మీ ఆవిడ ఆ దీపం అక్కడ కాదు ఇక్కడ అంటారు. ఒక పూట పోతుందనుకోండి."

ఆయన పగలబడి నవ్వి రెండు పెట్టెలు కొనుక్కుపోయాడు. మేనేజరు మాత్రం నవ్వలేదు.

"అలా చెప్పకండి పిన్నీ."

"అబద్ధం బోర్డు మీద ఉన్నంతకాలం నిజం నా నోట్లో ఉంటుంది."

షాపులో నేల తుడిచే ఆమెను అందరూ మాప్ అక్క అంటారు. పిన్ని కంటే చిన్నది, సన్నగా, ఎప్పుడూ తడి చేతులతో ఉంటుంది. ఆ రోజుల్లో ఒక మధ్యాహ్నం సామాన్ల గదిలో ఇద్దరూ డబ్బాలు విప్పుకుని అన్నం తింటుంటే, మాప్ అక్క అడిగింది. "అక్కా, అందరూ ఆ బోర్డు గురించే గుసగుసలాడుతున్నారు. అందులో ఏముందో నాకు చదివి చెప్పవా?"

పిన్ని చెప్పింది. చెబుతూ మళ్ళీ వేడెక్కింది. "చూడు చెల్లీ, పది పాసైన మనిషిని పట్టుకుని చదువు రానిదంటారా? ఎంత అవమానం!"

మాప్ అక్క ముద్ద డబ్బాలో పెట్టేసి, "అక్కా, నాకు నిజంగానే చదువు రాదు. నీ బదులు నా ఫొటో పెట్టి అదే రాస్తే అది అబద్ధం కాదు కదా. అప్పుడు ఫర్వాలేదా?" అంది.

ఆ ప్రశ్న పిన్నికి అంతవరకు తట్టనే లేదు. ఇన్నాళ్ళూ తనను చదువు రానివాళ్ళ వరసలో నిలబెట్టారని మండిపడింది గాని, అసలు ఆ వరసను చూసి నవ్వమంటున్న బోర్డును గురించి ఆలోచించలేదు. పిన్ని వాళ్ళమ్మకు చదువు రాదు. ఐదుగురు పిల్లల్ని పెంచింది, ఎవరి దగ్గరా మోసపోలేదు. ఆమె ఫొటో పెట్టి "ఈవిడ కూడా" అంటే?

"ఫర్వా ఉంది" అంది పిన్ని చివరికి. "చాలా ఉంది. ఇన్నాళ్ళూ నేను సగం తప్పుగా తిట్టానే!"

ఆ సాయంత్రం నుంచి పది పాసయ్యానన్న మాట ఆమె నోట రాలేదు. "ఆ బోర్డు సిగ్గులేని బోర్డు" అని మాత్రం అనేది. ఎందుకని అడిగితే విడమరిచి చెప్పేది.

వారం తిరక్కుండానే పెద్దాఫీసుకు పిలిపించారు. అక్కడ మార్కెటింగ్ చూసే మేడమ్ గది నిండా కుండీలు, ఒక్కదానికీ నీళ్ళు సరిగ్గా లేవని పిన్ని లోపలికి అడుగుపెడుతూనే చూసింది. మేడమ్ కాఫీ తెప్పించింది.

"మీ మనసు నొచ్చుకుందని విన్నాను. ఒక మాట మార్చేద్దాం. 'పెద్దగా చదువుకోని' అంటే సరేనా?"

"వద్దు."

"'అంతగా చదువు లేని'?"

"ఏంటమ్మా, కూరగాయల బేరమా? కిలో కాదంటే అరకిలో ఇస్తారా?"

మేడమ్ నవ్వబోయి మానుకుంది. "మరి మీకేం కావాలి?"

"చదువు మాట తీసెయ్యండి. 'కూడా' తీసెయ్యండి. 'పిన్ని బిగించింది, చూడండి' అని రాయండి. అది నిజం. మీకు దీపాలు అమ్ముడుపోవాలంటే ఎవర్నో ఒకర్ని తక్కువ చెయ్యాలా? నేలలో గుచ్చే దీపానికి అంత మాట ఎందుకు?"

"ఆ 'కూడా'లోనే పంచ్ ఉందండీ" అంది మేడమ్, చిన్నపిల్లకు నచ్చజెప్పినట్టు. "ఆరు షాపుల్లోనూ బోర్డులు వేసేశాం. ఈ సీజన్ అయ్యాక చూద్దాం."

ఆరు షాపులన్న మాట పిన్ని అప్పుడే విన్నది. ఆరు చోట్ల తన ముఖం నవ్వుతోంది, ఆ అబద్ధానికి సాక్ష్యం చెబుతున్నట్టు. కాఫీ తాగకుండా లేచి వచ్చేసింది. ఇంటికి రాగానే బాబాయితో ఒకే మాట అంది. "ఆ షాపులకి ఏ బస్సులు వెళ్తాయో చెప్పు."

బాబాయి ఈసారి నవ్వలేదు. కండక్టరు కాబట్టి ఊళ్ళో ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో ఆయనకు కంఠతా వచ్చు. "చెప్పడం దేనికి, నేనూ వస్తా" అని చెప్పులు వేసుకున్నాడు.

మొదట తన షాపుకే వెళ్ళింది. ఆ రోజు సెలవు పెట్టింది కాబట్టి, అందరిలాగే ముందు తలుపు నుంచి. బాబాయి నిచ్చెన పట్టుకున్నాడు. నిచ్చెన కూడా ఆ షాపుదే, అమ్మకానికి పెట్టినది. పిన్ని ఆ మోకాళ్ళతోనే ఎక్కి, కొక్కేలు తప్పించి, బోర్డు కిందికి దించింది. మాప్ అక్క పని ఆపి చూస్తూ నిలబడింది. పెయింట్ల కౌంటరాయన మేనేజరుకు చెప్పడానికి వెళ్ళినవాడు ఎందుకో చాలా నెమ్మదిగా నడిచాడు. పిన్ని బోర్డును చంకలో ఇరికించుకుని తలుపు దగ్గరికి వస్తే సెక్యూరిటీ ఆయన ఆపాడు.

"ఏంటమ్మా అది? బిల్లు ఉందా?"

"నా ముఖం బాబూ. ఇంటికి తీసుకెళ్తున్నాను. దీనికి కూడా బిల్లుండాలా?"

ఆయన బోర్డును చూశాడు, ఆమెను చూశాడు. మళ్ళీ బోర్డు మీది అక్షరాలు చదివాడు. ఏమనుకున్నాడో, తలుపు తెరిచి పట్టుకున్నాడు.

రెండో షాపులో ఎవరూ గమనించలేదు. మూడో షాపులో కొనేవాళ్ళలో ఇద్దరు సాయం పట్టారు. నాలుగో షాపులో పట్టుకున్నారు. ఆ షాపు మేనేజరు పోలీసుల్ని పిలుస్తానన్నాడు. పిన్ని ఒక ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని కూర్చుని, "పిలవండి. నా ముఖం ఎవరిదో వాళ్ళనే తేల్చమందాం" అంది. జనం మూగారు. ఫోన్లు పైకి లేచాయి. చివరికి పెద్దాఫీసు నుంచి ఫోను వచ్చింది. అవతల ఆ మేడమే. ఏం చెప్పిందో గాని, మేనేజరు తనే నిచ్చెన తెప్పించాడు.

ఐదో షాపులో వీళ్ళు వెళ్ళేసరికే బోర్డు లేదు. మిగిలింది ఒక్కటి, కూతురున్న ఊళ్ళో. అక్కడికి మర్నాడు బయలుదేరదామనుకుంటుండగా ఫోను మోగింది.

"అమ్మా, ఇక్కడి షాపుకి నేను ఇప్పుడే వెళ్ళొచ్చాను."

"ఎందుకు?"

"ఎందుకేంటి? నీ బోర్డు చూశాను. అసలు అంత ఘోరంగా ఉంటుందనుకోలేదమ్మా. దాని ముందు నిలబడి మా స్టూడెంట్లు ఇద్దరు నవ్వుతున్నారు. ఆ ఇద్దరి చేతే బోర్డు తీయించాను. నువ్వు రానక్కర్లేదు."

పిన్ని, "అన్నం తిన్నావా?" అని మాత్రం అడిగింది. మా ఇళ్ళల్లో దానికి మించిన మన్నింపు ఇచ్చేవాళ్ళూ లేరు, పుచ్చుకునేవాళ్ళూ లేరు.

ఉద్యోగం పోయింది. పోదా మరి! "క్రమశిక్షణ" అన్నారు. ముఖం అడగకుండా వాడుకున్నవాడికి క్రమశిక్షణ లేకపోయినా ఫర్వాలేదు, తన ముఖం తాను తెచ్చుకున్న మనిషికి ఉండాలట! ఆ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. కొత్తగా పెట్టిన బోర్డు మీద ఎవరి ఫొటో లేదు. "ఎవరైనా బిగించవచ్చు" అని ఉంది. అంత చిన్న మాట రాయడానికి ఒక మనిషి ఉద్యోగం ఖర్చు చేయాల్సి వచ్చింది.

పిన్ని ఖాళీగా కూర్చోలేదు. సులువని కొన్నవాళ్ళలో చాలామంది ఆ పెట్టెలను మంచం కిందికి తోసేశారని ఆమెకు తెలుసు. అడిగినవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి బిగించడం మొదలుపెట్టింది. ఒంటరిగా కాదు. మాప్ అక్క కూడా షాపు మానేసి వచ్చింది. కేబుల్ కోసం నేల తవ్వడంలో ఆ సన్నటి మనిషికి సాటి లేదు. మోకాళ్ళ మీద కూర్చునే పనులన్నీ ఆమెవి, ఏ డబ్బాకు ఎన్ని దీపాలన్న లెక్కలు పిన్నివి. పూల మొక్కల మధ్య దీపం ఎటు తిప్పితే నీడ బాగా పడుతుందో ఇద్దరూ గంటసేపు వాదించుకుంటారు. ఎక్కువసార్లు మాప్ అక్కే గెలుస్తుంది.

మొన్న ఒక ఇంట్లో నేనూ సరదాగా వాళ్ళతో వెళ్ళాను. పొద్దు వాలుతోంది. ఆ ఇంటాయన గోడ పక్కన నాలుగు దీపాలూ పైకి తిప్పి పెట్టమన్నాడు. అలా పెడితే వెలుగు నేరుగా పక్కింటి పడకగది కిటికీలో పడుతుంది.

"వాళ్ళు నిద్రపోవద్దా సార్?" అంది మాప్ అక్క.

"వాళ్ళ సంగతి నీకెందుకమ్మా? దీపాలు నావి, తోట నాది."

పిన్ని చేతిలో క్లిప్పు ఆగింది. చెవులు ఎర్రబడడం నాకు కనబడింది. నేను మెల్లగా రెండడుగులు వెనక్కి వేశాను.

"తోట మీదే సార్" అంది పిన్ని, చాలా నెమ్మదిగా. "కిటికీ మీది కాదు. ఇలా కూర్చోండి, మాట్లాడుకుందాం."